కోహో సాల్మన్‌కు ఏ నది, ఏ ఎర: సియాటిల్ వైపు ఉన్నవాళ్ళకు శరదృతువు ఎంపిక సలహా

నదిలోకి అడుగుపెట్టిన కోహో సాల్మన్ మేత దాదాపుగా మానేస్తుంది. సముద్రంలో తిని దాచుకున్న కొవ్వుతోనే ఎదురీది, పుట్టిన ఏటికి చేరి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. కాబట్టి మన గాలానికి అది ఆకలితో పడదు. తన చోటులోకి ఏదో దూరిందన్న కోపంతోనో, చికాకుతోనో, సముద్రంలో వేటాడిన అలవాటు ఇంకా వదలకనో నోరు వేస్తుంది. ఏ నదికి వెళ్ళాలి, ఏ రోజు వెళ్ళాలి, ఏ ఎర కొనాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఇక్కడి నుంచే వెతకాలి. ఈ రోజు, ఈ నీళ్ళలో, ఈ చేపను ఏది రెచ్చగొడుతుంది? దుకాణంలో గోడ నిండా వేలాడే రంగురంగుల ఎరలను చూసి బెంబేలు పడకుండా ఉండాలంటే ఈ ఒక్క ప్రశ్న చాలు.

రెడ్మండ్, బెల్వ్యూ, బాతెల్, సమామిష్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలు చాలా వరకు ఏదో ఒక అక్టోబర్లో ఇసాక్వా హేచరీకి (చేప పిల్లల్ని పెంచి నదిలోకి వదిలే కేంద్రం) పిల్లల్ని తీసుకెళ్ళి, మెట్ల కాలువలో ఎగిరెగిరి పైకి పోయే సాల్మన్లను చూపించే ఉంటాయి. ఆ చూపుతోనే కొందరికి గాలం పట్టాలన్న కోరిక పుడుతుంది. ఆ కోరికతో మొదటి సీజన్‌కు సిద్ధమవుతున్నవాళ్ళను ఎదురుగా పెట్టుకుని ఇది రాస్తున్నాను. నా సలహా ముందే చెప్పేస్తాను: మొదటి ఏడాది స్కైకోమిష్ నది, ఒక స్పిన్నింగ్ రాడ్, ఎరలుగా కొన్ని స్పిన్నర్లు, కొన్ని జిగ్‌లు. వాన ఎక్కువై స్కైకోమిష్ బురదెక్కితే కౌలిట్జ్ నది. ఎందుకో, ఎవరికి ఇది సరిపోదో ఇక చూద్దాం.

ముందు నది

కోహో సాధారణంగా ఏడాదిన్నర ఏటి నీళ్ళలో పెరిగి, ఇంకో ఏడాదిన్నర సముద్రంలో గడిపి, మూడో ఏట తిరిగొస్తుంది. హేచరీలో పుట్టిన పిల్ల తనను వదిలిన చోటికే తిరిగి వస్తుంది. చాలా చోట్ల ఉంచుకోనిచ్చేది హేచరీ చేపనే. అందుకని ఇంటికి తీసుకెళ్ళగలిగే చేప కావాలంటే, పైన హేచరీ ఉన్న నదినే ఎంచుకోవాలి. పేరున్న నది, అందమైన నది అని చూసుకుని వెళ్ళి, అక్కడ పడ్డవన్నీ అడవి చేపలై (హేచరీలో కాక నదిలోనే పుట్టినవి) నీళ్ళలోకే వదిలేసి వచ్చేవాళ్ళు ఎందరో. వదలడంలో ఆనందం లేదని కాదు గానీ, మొదటి ఏడాది వంటింట్లో ఎదురుచూసేవాళ్ళూ ఉంటారు కదా.

స్కైకోమిష్‌ను ముందు చెప్పడానికి మొదటి కారణం దూరం. రెడ్మండ్ నుంచి మన్రో ఊరు ముప్పావు గంటలోపే. ఉదయం గాలం వేసి పదిన్నర మీటింగుకు ఇంటికి చేరవచ్చు. పైన వాలస్ నది హేచరీ ఉంది కాబట్టి హేచరీ చేప వస్తుంది. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబర్ చివరి దాకా ముఖ్యమైన కాలం, అక్టోబర్ మొదటి సగం మంచి పట్టు. మన్రో, సుల్తాన్ దగ్గర కాలినడకన దిగగలిగే రేవులు ఉన్నాయి. దీని లోపం జనం. శనివారం తెల్లవారేసరికి మంచి మడుగు చుట్టూ భుజం భుజం రాసుకునేలా నిలబడతారు. బేసి సంవత్సరాల్లో ఇంకో చిక్కు: ప్యూజెట్ సౌండ్ (సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ) నదుల్లోకి పింక్ సాల్మన్ ఆ సంవత్సరాల్లోనే మందలు మందలుగా వస్తుంది. సెప్టెంబరులో మీ ఎరకు కోహో కన్నా ముందు పింక్‌లే తగులుకుంటాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అది పండగే. కోహోయే కావాలనుకునేవాళ్ళు ఆ ఏడు అక్టోబర్ దాకా ఆగడం మంచిది.

స్కైకోమిష్, స్నోక్వాల్మీ కలిసి స్నోహోమిష్ అవుతాయి. ఈ కింది నది వెడల్పు, నిదానం, సముద్రపు పోటుపాట్లు తగిలే నీరు. చేప ఇక్కడ ఇంకా వెండిలా మెరుస్తూ ఉంటుంది, రుచి కూడా ఇక్కడే ఎక్కువ. అయితే గట్టు మీద నుంచి అందే చోట్లు తక్కువ. పడవ ఉన్న స్నేహితుడు ఉంటే స్నోహోమిష్ వెళ్ళండి, లేకపోతే స్కైకోమిష్‌లోనే ఉండండి.

కౌలిట్జ్ లెక్క వేరు. సియాటిల్ నుంచి దక్షిణంగా రెండు గంటల ప్రయాణం. మేఫీల్డ్ డ్యామ్ దిగువన, సాల్కమ్ దగ్గర, 1968 నుంచి నడుస్తున్న పెద్ద సాల్మన్ హేచరీ ఉంది. నీటిని డ్యామ్ అదుపు చేస్తుంది కాబట్టి, నాలుగు రోజులు ఎడతెరపి లేకుండా వాన కురిసి మిగతా నదులన్నీ కాఫీ రంగులోకి మారినప్పుడు కూడా కౌలిట్జ్ ఎగువ భాగంలో గాలం వేసే వీలు తరచూ ఉంటుంది. కోహో సీజన్ కూడా పొడుగు: సెప్టెంబరులో మొదలై నవంబర్ దాటి కూడా చేప వస్తూనే ఉంటుంది. దీపావళి సెలవులకు ఊరెళ్ళి వచ్చినవాళ్ళకు కూడా ఇక్కడ సీజన్ మిగిలి ఉంటుంది. లోపం ఏమిటంటే, హేచరీకి దగ్గరగా పట్టిన చేపల్లో రంగు తిరిగి మెత్తబడ్డవి ఎక్కువ. ఫ్రీజర్ నింపుకోవాలనుకునేవాళ్ళకు కౌలిట్జ్, ఒక్క మంచి చేప చాలనుకునేవాళ్ళకు వేరే నది.

ఆ వేరే నది నా దృష్టిలో శాట్సప్. గ్రేస్ హార్బర్‌లో కలిసే చెహేలిస్‌కు ఇది ఉపనది. ఎల్మా, మాంటిసానో ఊళ్ళ దగ్గర, సియాటిల్ నుంచి ఇంచుమించు రెండు గంటలు. ఆలస్యంగా వచ్చే కోహోకు, వాటి పెద్ద సైజుకు దీనికి పేరు. పూర్తిగా వాన నీటి మీద ఆధారపడ్డ నది కాబట్టి, వాన లేకపోతే ఎండి గులకరాళ్ళు తేలుతుంది. చేప కింద చెహేలిస్‌లోనే ఆగిపోతుంది. వాన పడితే ఒక్క రాత్రిలో పొంగుతుంది, తగ్గడం మొదలయ్యాక రెండు మూడు రోజుల్లో పచ్చగా తేరుతుంది. ఆ పచ్చదనం నిలిచే రోజులు కొన్నే. సెలవు ముందే పెట్టుకుని వెళ్ళేవాళ్ళకు శాట్సప్ నప్పదు. వాతావరణం చూసి ఆ పూటకాపూట బయల్దేరగలిగేవాళ్ళకు ఇది అన్నిటికన్నా మంచి నది అని నా అభిప్రాయం. దానికి పడమరగా ఉన్న హంప్‌టులిప్స్‌దీ ఇంచుమించు ఇదే స్వభావం.

ఫోర్క్స్ ఊరి చుట్టూ ఉన్న సోల్ డక్, బోగషీల్, కలావా నదులకు నాలుగు గంటల దాకా ప్రయాణం, మామూలుగా ఫెర్రీ కూడా ఎక్కాలి. రెండు రాత్రులు ఉండే ఆలోచన ఉంటేనే పెట్టుకోండి. ఏటా నూరు అంగుళాలకు పైగా వాన పడే చోటు అది. పాచి పట్టిన పెద్ద చెట్ల మధ్య నుంచి నడిచి నది చేరడమే ఒక అనుభవం. దగ్గర్లోని హోహ్ నదిలో ఒలింపస్ కొండ హిమానీనదాల పొడి కలుస్తుంది కాబట్టి అది తొందరగా తేరదు. సోల్ డక్ తొందరగా తేరుతుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి వెళ్ళే వారాంతానికి నేను సోల్ డక్‌కే ఓటేస్తాను.

టకోమా వైపు ఉండేవాళ్ళకు ప్యుయాలప్ దగ్గర. అయితే అది రెయినియర్ పర్వతం మంచు కరిగి వచ్చే నీరు. సెప్టెంబరు వెచ్చగా ఉంటే పాలు కలిపినట్టు ఉంటుంది, చలి ముదిరాక తేటపడుతుంది. అంత మసక నీళ్ళలో స్పిన్నర్ల వంటివి కనబడవు కాబట్టి, కొత్తవాళ్ళకు అది మంచి బడి కాదు.

మీ అపార్టుమెంటు వెనక పారే చిన్న ఏటిలో కోహో కనబడితే అక్కడ గాలం వేయాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. అవి చాలావరకు వేటకు మూసి ఉంటాయి. అది అటుంచినా ఆ చేపల పరిస్థితే బాధ కలిగిస్తుంది. పశ్చిమ సియాటిల్‌లోని లాంగ్‌ఫెలో క్రీక్ వంటి చోట్ల మొదటి వానలకు వచ్చిన కోహోలు గుడ్లు పెట్టకముందే గిలగిల కొట్టుకుని చచ్చిపోవడం ఏళ్ళ తరబడి అంతుపట్టలేదు. కారు టైర్లలో వాడే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి మరో విషంగా మారుతోందని, వాన నీరు దాన్ని రోడ్ల మీద నుంచి వాగుల్లోకి తోస్తోందని వాషింగ్టన్ శాస్త్రవేత్తలు 2020 డిసెంబరులో బయటపెట్టారు. అదే నీళ్ళలో చమ్ సాల్మన్ బతుకుతుంది, కోహో బతకదు. అంత సున్నితమైన చేప ఇది. మనం పట్టేది హేచరీ చేపనే అయినా ఆ సంగతి మనసులో ఉండాలి.

వాంకూవర్, సర్రీ వైపు తెలుగువాళ్ళకు చిల్లివాక్-వెడ్డర్ నది ఉంది: హేచరీ ఉంది, అక్టోబర్, నవంబర్ నెలలు మంచివి. సియాటిల్ నుంచి అక్కడికి వెళ్ళాలనుకునే భారత పాస్‌పోర్టువాళ్ళు కెనడా వీసా సంగతి ముందు చూసుకోవాలి, పైగా అక్కడి లైసెన్సు వేరు. ఇక న్యూజెర్సీ, మిషిగన్ తెలుగువాళ్ళకు సముద్రపు కోహో అందదు గానీ పెద్ద సరస్సుల కోహో ఉంది. 1966లో మిషిగన్ రాష్ట్రం తన నదుల్లో కోహో పిల్లల్ని వదలడంతో ఆ కథ మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రం పులాస్కీ ఊరి దగ్గరి సాల్మన్ రివర్‌లో 1989లో పడ్డ 33 పౌండ్ల 4 ఔన్సుల కోహో ప్రపంచ రికార్డుకెక్కింది. ఆ సరస్సుల చేపను నెలకు ఎంత తినవచ్చో అక్కడి ఆరోగ్యశాఖలు సూచనలు ఇస్తాయి. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్ళలో అవి చదివాకే వండాలి.

తరవాత రోజు

నది ఎంచుకోవడం ఎంత ముఖ్యమో రోజు ఎంచుకోవడం అంతకన్నా ముఖ్యం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ప్రతి పెద్ద నదికీ నీటిమట్టం గీతను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తుంది. స్కైకోమిష్‌కు గోల్డ్ బార్ దగ్గరి గేజ్ చూడాలి. గీత పైకి లేస్తుంటే వెళ్ళకండి: నీటిలో ఆకులు, కొమ్మలు, మట్టి కొట్టుకొస్తాయి, చేప ఆగకుండా నడుస్తుంది. గీత శిఖరం తాకి కిందికి దిగడం మొదలయ్యాక, నీళ్ళలో నిలబడితే మోకాలి కింద బూటు మసగ్గా కనబడేంత తేరినప్పుడు బయల్దేరండి. వానకు కొత్త చేప లోపలికి వచ్చి ఉంటుంది, నీరు తగ్గుతుంటే అది మడుగుల్లో కుదురుకుంటుంది.

వాన లేక నీరు అద్దంలా ఉన్న వారాల్లో తెల్లవారుజామునే పని జరగాలి. చూపు ఆనిన తొలి గంటలో కోహో నోరు వేస్తుంది, ఎండ నీళ్ళ మీద పడ్డాక మడుగు నిండా చేపలు ఎగురుతున్నా ఒక్కటీ తాకదు. కొత్తవాళ్ళు చాలామంది అలా ఎగిరే చేపల్ని చూస్తూ మధ్యాహ్నం దాకా నిలబడిపోతారు. ఎగిరే చేప పట్టుబడే చేప కాదని నమ్మి, నీడ ఉన్న ఇంకో మడుగుకు నడవడం మేలు.

ఎక్కడ వేయాలన్నదీ ఇక్కడే చెప్పాలి. స్టీల్‌హెడ్‌లా (సముద్రానికి వెళ్ళొచ్చే ట్రౌట్ చేప) కోహో ఉరవడిలో నిలవదు. మనిషి నడక కన్నా నిదానంగా కదిలే నీరు, వంపు లోపలి సుడి, కూలిన చెట్టు మొదలు, పిల్లకాలువ వచ్చి కలిసే మూల, నురుగు తిరిగే నిలవనీరు దానికి ఇష్టం. కొత్తవాళ్ళు ఇది చెరువులా ఉంది, ఇక్కడేముంటుంది అని దాటిపోయే చోటే దాని ఇల్లు.

అప్పుడు ఎర

స్పిన్నర్‌తో మొదలుపెట్టండి. తిరిగే రేకు ఉన్న లోహపు ఎర ఇది. నాలుగు లేదా అయిదో నంబరు సైజు, బ్లూ ఫాక్స్ వైబ్రాక్స్ వంటిది. అవతలికి విసిరి, కాస్త మునగనిచ్చి, రేకు తిరుగుతోందని రాడ్ కొనలో తెలిసేంత నిదానంగా చుట్టడమే దీని విద్య. పదేళ్ళ పిల్లవాడు అరగంటలో నేర్చుకుంటాడు. నీరు పచ్చగా ఉన్న రోజు వెండి మీద నీలం, గులాబీ, చిలకపచ్చ. నీరు తేటగా ఉంటే రాగి రంగు, నలుపు, సైజు కూడా ఒకటి తగ్గించి. దీని బలహీనత రెండు చోట్ల బయటపడుతుంది. దుంగలున్న మడుగులో వరసగా పోతాయి. పది మంది స్పిన్నర్లు వేసి వెళ్ళిన నీళ్ళలో చేప వాటికి అలవాటు పడి వెంట వస్తుంది గానీ పట్టదు. అలా వెంట వచ్చి వెనుదిరిగే చేపలు కనబడుతున్నాయంటే ఎర మార్చాల్సిన వేళ అయిందని.

అప్పుడే జిగ్ బయటికి తీయాలి. సీసపు తలకు కుందేలు బొచ్చో మరబూ ఈకలో కట్టిన గాలం ఇది, ఇంచుమించు అర ఔన్సు బరువు. ఊదా, నలుపు, గులాబీ రంగులు కోహోకు నచ్చినట్టు ఇంకే చేపకూ నచ్చవు. విసిరి అడుగు దాకా దిగనిచ్చి, రాడ్ కొనను టక్కున పైకి ఎగరేసి, వెంటనే దారం కాస్త వదులు చేస్తూ కిందికి దించాలి. పైకి ఎగిరినప్పుడు చేప చూస్తుంది, కిందికి రాలుతున్నప్పుడు నోట పడుతుంది. ఆ రాలే క్షణంలో దారం ఉన్నట్టుండి ఆగినా, పక్కకు జరిగినా లాగాలి. మొదట్లో మణికట్టు నొప్పి పుడుతుంది, చాలా కాట్లు తెలియకుండానే పోతాయి. కానీ నిలవనీటిలో, దుంగల పక్కన, జనం తొక్కిన మడుగులో దీన్ని మించింది లేదు. ఒకే పద్ధతిని జీవితాంతం ఉంచుకోమంటే నేను జిగ్‌నే ఉంచుకుంటాను. అయినా కొత్తవాళ్ళను స్పిన్నర్‌తో మొదలుపెట్టమంటున్నాను, ఎందుకంటే మొదటి చేప పడకముందే విసుగు రాకూడదు.

బెండు కింద సాల్మన్ జన (చేప గుడ్ల తిత్తి) కట్టి వదలడం మనవాళ్ళకు దగ్గరగా అనిపించే పద్ధతి. కాలువ గట్టున బెండు మునగడం కోసం కళ్ళప్పగించి కూర్చున్న బాల్యం ఉన్నవాళ్ళకు ఇది వెంటనే వస్తుంది. ఉప్పు, బోరాక్స్ పట్టించి ఊరబెట్టిన జన వాసన నీళ్ళలో దూరం పోతుంది కాబట్టి మసక నీటిలో, చలి ముదిరిన నవంబర్ రోజుల్లో రేకులకు పలకని చేప కూడా దీనికి పలుకుతుంది. నాకున్న అభ్యంతరాలు రెండు. చాలా నదుల్లో, చాలా వారాల్లో తినే ఎర నిషేధం. ఇంకోటి, జనను చేప లోతుగా మింగుతుంది; గొంతులో గాలం గుచ్చుకున్న అడవి కోహోను వదిలినా బతకడం కష్టం. అడవి చేపలు ఎక్కువగా ఉండే నదిలో, అనుమతి ఉన్నా సరే, జన వాడకండి. కౌలిట్జ్ వంటి హేచరీ నదిలో వాడుకోండి.

ఫ్లై (ఈకలు, దారాలతో కట్టిన తేలికపాటి ఎర) పద్ధతి గురించి రెండు మాటలు. ఎనిమిదో నంబరు రాడ్, మునిగే కొన ఉన్న దారం, గులాబీ లేదా చిలకపచ్చ ఫ్లై, చేత్తో దారాన్ని గుంజుతూ లాగడం. నిలవనీటి కోహో దీనికి బాగా పలుకుతుంది, పట్టినప్పుడు కలిగే తృప్తి వేరు. కానీ ఖర్చు, సాధన రెండూ ఎక్కువ. రెండో మూడో సీజన్‌కు వదిలేయండి. వంకర్లు తిరుగుతూ ఈదే ప్లగ్ ఎరలు పడవలో ఉన్నవాళ్ళకు బాగా పనికొస్తాయి.

పొడుగాటి లీడర్‌కు (గాలానికి ముందు కట్టే దారపు ముక్క) చిన్న పూస, ఉన్ని పోగు కట్టి ఉరవడిలో ఈడ్చే పద్ధతి కూడా రేవుల్లో కనబడుతుంది. చాలాసార్లు అక్కడ చేప ఎరను పట్టదు; దారమే దాని నోట్లోంచి జారి, గాలం బయటి నుంచి గుచ్చుకుంటుంది. అది వేట అనిపించుకోదని నా నమ్మకం. నోటికి కాక ఒంటికి గుచ్చుకున్న చేపను చట్టం కూడా ఉంచుకోనివ్వదు. పక్కవాడు అలా అయిదు పట్టినా మీరు నేర్చుకోవద్దు.

ఒక్క రాడ్‌తో స్పిన్నర్, జిగ్, బెండు మూడూ నడపాలంటే ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 3000 సైజు రీల్, 30 పౌండ్ల అల్లిక దారం, చివర 12 నుంచి 15 పౌండ్ల లీడర్ సరిపోతాయి. జిగ్ మీద మోజు కుదిరాక ఇంకాస్త పొట్టి, కొన బిగువైన రాడ్ వేరే కొనుక్కోవచ్చు. ఖరీదు రాడ్ కన్నా మంచి వేడర్స్ (నీళ్ళలో నిలబడేందుకు తొడుక్కునే తడవని పొడుగు ప్యాంటు), నడుముకు బిగించే బెల్టు, జారని బూట్లు, గాలితో నిండే లైఫ్ జాకెట్ మీద డబ్బు పెట్టండి. అక్టోబర్లో ఆ నీళ్ళలో జారిపడ్డవారి చేతులు నిమిషాల్లో కొయ్యబారతాయి. ఈత వచ్చినా ఒంటరిగా లోతుకు దిగకండి.

గైడ్‌ను పెట్టుకోవాలా? ఒక్కొక్కరికి రెండు మూడు వందల డాలర్లు, పైన టిప్పు. ఊరి నుంచి వచ్చిన నాన్నగారికో మామయ్యగారికో ఒక్క రోజు మంచి వేట చూపించాలంటే పెట్టుకోండి. పడవలో కూర్చోబెడతారు, సామాను వాళ్ళదే. మీరు నేర్చుకోవడానికైతే సీజన్ మొదట్లో ఒక్క రోజు పెట్టుకుని, చేపల లెక్క మానేసి, ఏ నీటి దగ్గర పడవ ఆపారు, ఏ నీటిని దాటేశారు అని గమనించండి. మిగతా రోజులు గట్టు మీద నుంచే చాలు.

చట్టం, గుర్తుపట్టడం

వాషింగ్టన్‌లో తొంభై రోజులుగా నివాసం ఉంటే స్థానికుల రేటుకే లైసెన్సు వస్తుంది. దాని గడువు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు గానీ సాల్మన్‌కు క్యాచ్ రికార్డ్ కార్డు వాళ్ళకూ ఉండాలి. ఉంచుకున్న చేపను ఆ కార్డులో అక్కడికక్కడే నమోదు చేయాలి. ఏ నదిలో ఏ వారం ఏది తెరిచి ఉందో సీజన్ మధ్యలో కూడా మారుతుంది, కాబట్టి బయల్దేరే ముందు రోజు రాత్రి రాష్ట్ర చేపల శాఖ వారి ఫిష్ వాషింగ్టన్ యాప్ చూడటం తప్పనిసరి. గాలానికి బార్బ్ (చేప జారకుండా పట్టే వెనక ముల్లు) ఉండకూడదా, మూడు మొనల గాలం బదులు ఒంటి మొనదే పెట్టాలా, చీకటి పడ్డాక వేయవచ్చా అన్నవి నదినిబట్టి మారతాయి. నేను మాత్రం ఎక్కడికెళ్ళినా ఒంటి మొన, బార్బ్ లేని గాలమే పెడతాను.

కింది నదుల్లో ఆదివాసీ తెగల వలలు కనబడితే విసుక్కునేవాళ్ళ మాటలు రేవుల్లో వినిపిస్తాయి. వాళ్ళ పూర్వీకులు 1850లలో భూమిని వదులుకుంటూ రాయించుకున్న హక్కు అది. 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ ఇచ్చిన తీర్పు పట్టదగిన చేపలో సగం వాళ్ళదని తేల్చింది. ఇప్పుడు హేచరీలు నడపడంలో, వాగులను బాగుచేయడంలో ఆ తెగల కష్టం చాలా ఉంది. మనకు అందే చేపలో వాళ్ళ చేయీ ఉంది. వలలు తీసిన మర్నాడు పై నీళ్ళకు కొత్త చేప చేరుతుంది, అలాంటి రోజు చూసుకుని వెళ్ళండి చాలు.

పట్టిన చేప కోహోనేనా అన్నది నీళ్ళలో ఉండగానే తేల్చుకోవాలి. ప్యూజెట్ సౌండ్ అడవి చినూక్ (ఇంకో సాల్మన్ జాతి) 1999 నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది; పొరపాటున ఉంచుకుంటే జరిమానా, అంతకన్నా పెద్దది ఆ నదికి జరిగే నష్టం. కోహో పళ్ళ చిగురు తెల్లగా, దాని చుట్టూ నోరు నల్లగా ఉంటుంది. చినూక్‌కు చిగురు కూడా నలుపే. కోహో తోకలో పైభాగంలోనే చుక్కలుంటాయి, చినూక్‌కు తోకంతా ఉంటాయి. పింక్‌కు తోకంతా పెద్ద కోలగుడ్డు ఆకారపు మచ్చలు. తరవాత వీపు మీద తోకకు దగ్గరగా ఉండే చిన్న కొవ్వు రెక్క చూడండి: అది కత్తిరించి, మాని ఉంటే హేచరీ చేప. రెక్క ఉంటే అడవి చేప అనుకోవాలి, చాలా చోట్ల వదిలేయాలి. ఉంచుకోకూడని సాల్మన్‌ను పూర్తిగా నీటి బయటకు ఎత్తడమే వాషింగ్టన్‌లో నేరం. ఫొటో కోసం గులకరాళ్ళ మీద పడుకోబెట్టకండి. చేప నీళ్ళలో ఉండగానే శ్రావణంతో గాలం తీసి, తల ఎదురు నీటికి పెట్టి పట్టుకుంటే, బలం రాగానే తనే జారిపోతుంది.

ఏది ఉంచుకోవాలి, ఏది వండాలి

మన గోదావరి పులస సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదిన కొద్దీ రుచెక్కుతుందంటారు. కోహో విషయంలో అది చెల్లదు. సముద్రం వదిలిన మొదటి రోజుల్లోనే అది మంచి రుచి. పైకి వెళ్ళిన కొద్దీ కొవ్వు కరిగి, ఒళ్ళు ఎర్రగా ముదిరి, మగచేప మూతి కొక్కెంలా వంగుతుంది, లోపలి కండ పాలిపోయి మెత్తబడుతుంది. ఒంటి మీద వెండి మెరుపు ఉండి, పొట్ట తెల్లగా ఉన్న హేచరీ చేపను ఉంచుకోండి. ముదిరినదాన్ని, హేచరీదైనా, నేను వదిలేస్తాను.

ఉంచుకున్న వెంటనే తల మీద కొట్టి చంపి, మొప్పలు కోసి రక్తం పోనివ్వాలి. కారులో ఐస్ పెట్టె ఉండాలి. ఈ ఒక్క పని చేయకపోతే మంచి నదిలో పట్టిన మంచి చేప కూడా నీచు వాసన కొడుతుంది. తాజా కోహో కండ గట్టిది, ఎరుపు, చినూక్ కన్నా కొవ్వు తక్కువ. అడ్డంగా అంగుళంన్నర ముక్కలు కోస్తే పులుసుకు నిలుస్తుంది. అయితే చింతపండు రసం బాగా మరిగి చిక్కబడ్డాక ముక్కలు వేయండి, గరిటె పెట్టకుండా గిన్నె తిప్పండి, పది నిమిషాలు మించనివ్వకండి. తోకవైపు పలచటి కండకు వేపుడు మేలు. ఆడచేపలో జన దొరికితే ఎరకు దాచుకునే ముందు సగం తీసి ఉల్లిపాయ, పచ్చిమిర్చితో వేయించి చూడండి. అక్టోబర్ మొదట్లో పట్టిన చేప జన పొరలో గట్టిగా ఉంటుంది, వంటకు అదే మంచిది. నెలాఖరుకు గుడ్లు విడివిడిగా రాలిపోతాయి. మిగిలిన ముక్కలు గాలి తీసిన సంచుల్లో పెట్టి ఫ్రీజ్ చేస్తే ఉగాది దాకా నిక్షేపంగా ఉంటాయి.